వేళ తెలిసి వెళ్తే దొరికే ఊరు

మే నెల మొదటి శనివారం మా చెల్లెలి కూతురు బెంగళూరు నుంచి దిగింది. రెండు వారాలు మా ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకోవచ్చట. అంటే చేతిలో రెండు వీకెండ్లు. ఫోన్‌లో ఒక లిస్టు కూడా తెచ్చుకుంది. ఈ వేసవిలో హైదరాబాద్‌లో తప్పకుండా తినాల్సినవి, చూడాల్సినవి, మొత్తం ముప్పై ఒకటి. "పెద్దమ్మా, రోజుకి ఎనిమిది చొప్పున కొట్టేస్తే నాలుగు రోజుల్లో అయిపోతాయి" అంది. నేను కాదనలేదు. నాకూ సరదాగానే అనిపించింది.

పొద్దున పదింటికి బయల్దేరాం. మధ్యాహ్నం రెండున్నరకి ఆరో చోట ఉన్నాం. అప్పటికే పిల్ల చున్నీని నీళ్లలో తడిపి నెత్తిన వేసుకుని కూర్చుంది. ఎదురుగా ప్లేటులో బిర్యానీ. ఫోటో తీసింది, రెండు ముద్దలు తింది, ప్లేటు పక్కకి జరిపింది. ఆ రాత్రి ఇంటికొచ్చి మజ్జిగ తాగుతూ, "అన్నీ బావున్నాయి పెద్దమ్మా. కానీ ఏది ఎలా ఉందో ఒక్కటీ గుర్తు రావట్లేదు" అంది. గొంతులో నిజంగానే దిగులు వినిపించింది.

ఆ మాట నన్ను వదల్లేదు. ఇరవై ఆరేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాను. ఆ లిస్టు మళ్లీ మళ్లీ చదివాను. అందులో చెడ్డ చోటు ఒక్కటీ లేదు. నన్ను అడిగినా దాదాపు అవే పేర్లు చెప్పేదాన్ని. మరి ఎక్కడ తేడా వచ్చింది? రెండు రోజులు మనసులో నానితే తట్టింది. ఎక్కడ తినాలో ఆ లిస్టులో ఉంది, ఎప్పుడు తినాలో లేదు. ఈ ఊళ్లో, అందులోనూ ఎండాకాలంలో, ఎప్పుడు అన్నదే అసలు సంగతి. ఇక్కడ తిండికీ పండక్కీ కూడా ఒక వేళ ఉంటుంది. ఆ వేళ పట్టుకుంటే నెలకి నాలుగు చోట్లు చాలు. తప్పిపోతే ముప్పై తిరిగినా కడుపు నిండుతుందే గానీ ఊరు అందదు.

తెల్లవారకముందే

రెండో వీకెండ్‌కి నేనొక షరతు పెట్టాను. లిస్టు పక్కన పెట్టాలి, ఆదివారం నాలుగున్నరకి లేవాలి. మా అత్తగారు అడ్డు చెప్పారు. "ఈ ఎండల్లో మేక కాళ్ల పాయా ఏమిటమ్మా, ఒళ్లు వేడి చెయ్యదూ?" అన్నారు. ఆవిడ మాటలో న్యాయం ఉంది. పగలు పదకొండింటికి తింటే చేస్తుంది. కానీ హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన, పీఠభూమి మీద ఉన్న ఊరు. విజయవాడలో మే నెల తెల్లవారుజామున కూడా చొక్కా ఒంటికి అతుక్కుంటుంది. ఇక్కడ ఆ వేళకి గాలి చల్లబడుతుంది. నహారీ తినడానికి మనకున్న సందు అదే.

ఐదున్నరకి పురానీ హవేలీ వైపు వెళ్లాం. నహార్ అంటే అరబ్బీలో పగలు. పగటి మొదట్లో తినేది కాబట్టి నహారీ. రాత్రంతా సన్నసెగ మీద ఉడికిన పులుసు, మేక కాళ్లు. పక్కనే నాన్ భట్టీ. పిల్ల అక్కడే నిలబడిపోయింది. లోపల ఒక పెద్దాయన పిండిని నలుచదరంగా సాగదీసి, మధ్యలో కత్తితో గాటు పెట్టి, నీళ్లు రాసి, భట్టీలోకి నడుం దాకా వంగి గోడకి అతికిస్తున్నాడు. మళ్లీ లేచినప్పుడు ముఖమంతా ఎర్రగా ఉంది. రెండు మూడు నిమిషాలు ఆగి, రెండు పొడవాటి ఇనుప చువ్వలతో ఒకదాని తర్వాత ఒకటి ఊడదీశాడు. పైన పొక్కులు పొక్కులుగా కాలి, అడుగున మెత్తగా, నాలుగు మూలలూ కాస్త పైకి లేచి ఉంది. దీన్నే చార్‌కోనే నాన్ అంటారు. కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఆ కాగితం పట్టుకుంటే అరచెయ్యి కాలింది.

అది తుంచి పాయాలో ముంచుకుని తిన్నాక పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. ఫోన్ బ్యాగులోనే ఉంది. ఎనిమిదింటికి ఇంటికి వచ్చేశాం. ఎనిమిదిన్నరకి వెళ్లుంటే గిన్నె అడుగు గీకి పెట్టేవాళ్లు, నాన్ చల్లారేది. లిస్టులో ఈ చోటికి ఐదు నక్షత్రాలు ఉన్నాయి, టైం మాత్రం లేదు.

ఆ మధ్యాహ్నం రెండింటికి ఇంట్లో అందరం నిద్రపోయాం. ఎండాకాలపు వీకెండ్‌లో పడుకోవడం కూడా ఒక భాగమని నా నమ్మకం. పగలు పన్నెండు నుంచి నాలుగు దాకా ఈ ఊరు తలుపులు వేసుకుంటుంది. ఆ సమయంలో బయట తిరిగితే ఊరు మనల్ని పట్టించుకోదు, మనమూ దాన్ని చూడలేం. తప్పనిసరిగా బయటికి వెళ్లాలంటే సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది, శుక్రవారం తప్ప. అక్కడి గడియారంలోంచి బొమ్మ మనిషి బయటికి వచ్చి ప్రతి గంటకీ గంట కొడతాడు. పన్నెండింటికైతే పన్నెండు దెబ్బలు వినాలని జనం ముందుగానే వచ్చి కూర్చుంటారు. మ్యూజియానికి కూడా వేళ ఉందన్నమాట.

సాయంత్రం మొజంజాహీ మార్కెట్‌కి వెళ్లాం. 1935లో కట్టిన రాతి మార్కెట్. ఏడింటికి కూడా రాయి ఇంకా వెచ్చగానే ఉంటుంది, కానీ ఆవరణలోకి గాలి తిరగడం మొదలవుతుంది. పిల్ల సీతాఫలం ఐస్‌క్రీం అడిగింది. కౌంటర్ దగ్గరాయన నవ్వి, "ఇవి మామిడిపండు రోజులమ్మా, సీతాఫలానికి దసరాకి రండి" అన్నాడు. లేదు అని చెప్పకుండా ఎప్పుడు రావాలో చెప్పాడు. నాకు ఆ జవాబు ఎంతో నచ్చింది.

ముంజలు, ఆవకాయ ముక్కలు

మా వీధి చివర వేపచెట్టు కింద ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి వారం దాకా ఒకామె తాటి ముంజలు అమ్ముతుంది. ఒకసారి నేను మధ్యాహ్నం ఒంటిగంటకి వెళ్లాను. బుట్టలో ఇంకా రెండు డజన్లు ఉన్నాయి. ఇవ్వమన్నాను. ఆమె ఇవ్వలేదు. "ఇప్పుడెందుకు బిడ్డా, ఎండకు గట్టిపడ్డయి. రేపు పొద్దుగాల రా, లేతయి పక్కకు వెడ్త" అంది. అమ్ముకుంటే డబ్బులొచ్చేవి. నేనూ ఏమీ అనేదాన్ని కాదు, ఇంటికెళ్లి ఈసారి ముంజలు బాలేవు అనుకునేదాన్ని, అంతే. మర్నాడు ఏడింటికి వెళ్తే గోరు తగిలితే చాలు నీళ్లు చిమ్మేంత లేత ముంజలు కొంగు కింద దాచి ఉంచింది. వేళ గురించి నాకున్న జ్ఞానంలో సగం ఇలాంటి వాళ్లు నేర్పిందే.

ఇంకో సంగతి. పండగలంటే క్యాలెండర్‌లో ఎర్ర అంకెలే అనుకుంటాం. ఎండాకాలంలో మోండా మార్కెట్‌కో, ఏదైనా రైతుబజారుకో ఆవకాయ రోజుల్లో ఒక ఆదివారం పొద్దున్నే వెళ్లి చూడండి. నా లెక్కలో అదీ పండగే. కాయలు కొట్టేవాళ్లు వరసగా కూర్చుని ఉంటారు. ఒక్కొక్కరి ముందూ చెక్కకి బిగించిన పెద్ద కత్తి, దానికి ఒక పిడి. మనం కొన్న కాయలు వాళ్ల ముందు గుమ్మరిస్తే కాయని నిలువుగా పెట్టి పిడి మీద ఒక్క పోటు వేస్తారు. టెంకతో సహా రెండు చెక్కలు. ఆ చప్పుడు మెత్తని దాన్ని కోసినట్టు ఉండదు, ఎండుకట్టె విరిచినట్టు ఉంటుంది. టెంక ముదరకపోతే ఆ చప్పుడు రాదు. మా అమ్మ కళ్లు మూసుకుని, చప్పుడు విని, "ఇవి పనికొస్తాయి" అనేది. తర్వాత జీడి తీసేస్తారు, లోపలి కాగితం లాంటి పొర మాత్రం ఇంటికొచ్చాక మనమే గీకాలి. ప్రతి ముక్కకీ టెంక ఉండాలి, లేకపోతే సంక్రాంతికల్లా ముక్క మెత్తబడుతుంది.

అక్కడ క్యూలో నిలబడినవాళ్లు ఒకరి సంచిలోకి ఒకరు తొంగిచూస్తారు. ఎక్కడ కొన్నారు, పీచు ఉందా, కారం ఎక్కడ పట్టించారు, నువ్వుల నూనేనా? ముక్కూ మొహం తెలియని మనుషులు పది నిమిషాల్లో ఇంటి గుట్లన్నీ చెప్పుకుంటారు. ఒక వాన గట్టిగా పడిందంటే ఈ సందడి మొత్తం తగ్గిపోతుంది. ఏడాదికి మూడు నాలుగు ఆదివారాలు, అంతే. ఏ ఫుడ్ ఫెస్టివల్‌లోనూ నాకు ఇంత సంతోషం దొరకలేదు.

హైదరాబాద్‌కి 2019లో యునెస్కో వాళ్లు వంటల విభాగంలో సృజనాత్మక నగరంగా గుర్తింపు ఇచ్చారు. గర్వంగానే ఉంది. అప్పటి నుంచి వచ్చే వ్యాసాల్లో బిర్యానీ ఉంటుంది, హలీం ఉంటుంది, ఉస్మానియా బిస్కెట్ ఉంటుంది. కాయలు కొట్టే మనిషి ఉండడు.

ఆ ఖర్జూరం

హలీం దగ్గర నా వాదనకి బలమైన ఉదాహరణ ఉంది, బలమైన ఎదురుదెబ్బ కూడా అక్కడే తగిలింది.

2018లో రంజాన్ మే 17న మొదలైంది. ఎండలు మండుతున్నాయి. ఒక శనివారం సాయంత్రం నేనూ మావారూ పాతబస్తీలో ఒక హలీం భట్టీ దగ్గర కూర్చున్నాం. ప్లేట్లు ముందుగానే వచ్చేశాయి. వేయించిన ఉల్లిపాయ, నిమ్మచెక్క, నెయ్యి వాసన. నేను స్పూను చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు పక్క బల్ల వైపు చూశాను. ఒక పెద్దాయన, ఇద్దరు కుర్రాళ్లు. వాళ్ల ముందూ ప్లేట్లు ఉన్నాయి. ఎవరూ ముట్టుకోలేదు. తెల్లవారుజాము నుంచి, ఆ ఎండలో, మంచినీళ్లు కూడా తాగని మనుషులు. నేను స్పూను కింద పెట్టాను. సైరన్ మోగే దాకా పది నిమిషాలు. ఆ వీధి వీధంతా ఊపిరి బిగబట్టినట్టు ఉంది. సైరన్ మోగగానే ఆ పెద్దాయన ఖర్జూరాల పళ్లెం ముందు మావైపు జరిపాడు. "లీజియే బేటీ" అన్నాడు. తర్వాత ఆయన తిన్నాడు.

ఆ రోజు తిన్న హలీం ఈ ఊళ్లో నేను తిన్నవాటన్నిటిలోకీ గొప్పది. దాని రుచి గోధుమలో, మాంసంలో ఎంత ఉందో ఆ పది నిమిషాల్లో అంత ఉంది. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది కాబట్టి ఇప్పుడు మే నెలని దాటిపోయింది. మళ్లీ మే నెలలో ఆ పండగ రావాలంటే 2050 దాకా ఆగాలి.

అందుకని చాలాకాలం నేను గట్టిగా వాదించాను. హలీంకి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది సరే, కానీ నవంబర్‌లో, జూలైలో అమ్మే హలీం హలీమే కాదు, వేళ కాని వేళ తినేది ఉత్త గోధుమ మాంసమే అనేదాన్ని. మా మేడమీద అద్దెకుండే అమ్మాయి ఆసుపత్రిలో నర్సు. ఒక నవంబర్ రాత్రి డ్యూటీ దిగి హలీం డబ్బా తెచ్చుకుంది. మెట్ల దగ్గర నేను ఇదే మాట అన్నాను. ఆ అమ్మాయి కోప్పడలేదు. "అక్కా, రంజాన్ నెలంతా నాకు సాయంత్రం షిఫ్టే. మాకు సెలవు దొరికిన రోజే పండగ" అంది. మెట్లు ఎక్కి వెళ్లిపోయింది.

నాకు సిగ్గేసింది. వేళ పాటించడానికి ముందు వేళ మన చేతిలో ఉండాలి కదా. శని, ఆదివారాలు సెలవున్న ఇంట్లో కూర్చుని నేను చెప్తున్న ఈ మాట అందరికీ వర్తించేది కాదు. ఆ రోజు నుంచి, దొరికినప్పుడు తినేవాళ్లని చిన్నచూపు చూడటం మానేశాను. అయినా నా అభిప్రాయం మొత్తం వదులుకోలేదు. ఎంచుకునే వీలున్నవాళ్లు కూడా ఎంచుకోకుండా, అన్నీ అన్ని వేళలా దొరకాలని అడుగుతుంటేనే నాకు బాధ.

ఇంకా తేలని సంగతులు

తెల్లవారుజాము అని నేను సులువుగా రాసేస్తున్నాను. మా చెల్లెలి కూతురు ఒక్కతే ఐదింటికి పాతబస్తీకి వెళ్లగలదా? ఆ వేళకి మెట్రో కూడా ఉండదు. నాకు ఇరవై రెండేళ్లప్పుడు ఒక ఇరానీ హోటల్లోకి ఒంటరిగా వెళ్తే, ముందు బల్లలన్నీ ఖాళీగా ఉన్నా వెయిటర్ నన్ను వెనక ఫ్యామిలీ రూంలోకి పంపాడు. కిటికీ లేని గది. చాయ్ తాగి బయటికి వచ్చాను, హోటల్‌ని మాత్రం చూడలేదు. ఇప్పుడు మారింది. మొన్న మేమిద్దరం ముందు బల్ల దగ్గరే, రోడ్డు చూస్తూ కూర్చున్నాం, ఎవరూ ఏమీ అనలేదు. కానీ మేం ఇద్దరం. ఊరి అసలు వేళలు సగం మందికి తోడు లేకుండా అందనంత కాలం, వేళకి వెళ్లండి అనే నా మాట సగం మాటే. దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆడపిల్లలు గుంపులుగా వెళ్లడం మొదలుపెడితే ఆ వేళలు కూడా మెల్లగా మనవవుతాయన్న ఆశ మాత్రం ఉంది. అందుకే వచ్చే ఏడు మా వీధిలో నలుగురు అమ్మాయిలని వెంటబెట్టుకుని వెళ్దామనుకుంటున్నాను.

రెండోది, నాన్ భట్టీ దగ్గర ఆ పెద్దాయన. పిల్ల ఆయన్ని అడిగింది, ఎప్పటి నుంచి పనిలో ఉన్నారు అని. రాత్రి రెండు గంటల నుంచి అన్నాడు. మన చల్లటి వేళ ఆయనకి భట్టీ వేళ. ఇది నన్ను ఇబ్బంది పెడుతుంది. తినడం మానేస్తే ఆయనకి మేలు జరగదని తెలుసు. కానీ ఒక్క పని చెయ్యొచ్చు, నేను చేస్తున్నాను కూడా. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు మధ్య మా ఇంట్లో ఎవరూ బయటి నుంచి తిండి తెప్పించరు. బండి మీద వచ్చే కుర్రాడి చొక్కా వీపు మీద ఉప్పు తెల్లగా చారలు కట్టి ఉండటం ఒకసారి దగ్గరగా చూశాను. ఆ వేళలో మనకి అక్కర్లేని ఐస్‌క్రీం కోసం ఒక మనిషిని రోడ్డు మీదకి పిలవకూడదు.

కార్తె మారాక

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. అది దాటి జూన్ 7, 8 తేదీల్లో మృగశిర రాగానే ఊరు ఒక్కసారిగా చేపల మీద పడుతుంది. ఆ పొద్దున ముషీరాబాద్ చేపల మార్కెట్లో నిలబడటానికి చోటుండదు. కార్తె రోజు చేప తినాలన్న మాట మా ఇంట్లో మా మామగారు పోయాక కూడా అలాగే నడుస్తోంది. ఆ రోజు వీకెండ్ అవ్వాలని లేదు. వారం మధ్యలో వస్తే పొద్దున్నే వెళ్లి తెచ్చి, పులుసు పెట్టి, ఆఫీసుకి వెళ్తాం.

తర్వాత ఆషాఢం. బోనాలు. పిల్ల లిస్టులో ముప్పై ఒకటోది ఇదే: "బోనాలు, హైదరాబాద్, జూలై." ఒక్క లైను. బోనాలు ఒక్క రోజు జరగవు, ఒక్క చోటా జరగవు. గోల్కొండలో మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి లష్కర్ బోనాలకి వచ్చి, లాల్‌దర్వాజకి చేరి, ఆదివారానికి ఒక వైపు చొప్పున ఊరంతా తిరుగుతాయి. 1813లో ఊరిని మహమ్మారి పట్టి పీడించినప్పుడు, ఉజ్జయినిలో ఉన్న ఇక్కడి పటాలం సిపాయిలు అమ్మవారికి మొక్కుకున్నారని చెప్పుకుంటారు. లష్కర్‌లో ఆదివారం బోనాలైతే సోమవారం రంగం. పచ్చి కుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్తారు. ఆదివారం చూసి వెళ్లిపోయినవాళ్లకి ఆ సోమవారం దొరకదు. దాని కోసం నేను రెండుసార్లు సెలవు పెట్టాను.

బోనం అంటే భోజనమే. కొత్త కుండకి పసుపు కుంకుమ పెట్టి, వేపమండలు కట్టి, అందులో అన్నం, బెల్లం, పాలు, పెరుగు. పైన దీపం. ఈ ఊరి అతి పెద్ద పండగ పేరే తిండి, ఆ తిండిని ఎక్కడా అమ్మరు. ఎవరైనా ఇంటికి పిలిస్తేనే దొరుకుతుంది.

జూలైలో శనివారం రాత్రి బస్సు ఎక్కి పిల్ల మళ్లీ వచ్చింది, మా బస్తీ బోనాలకి. ఎదురింటి లక్ష్మక్క తడి తలతో, కొత్త చీరలో, బోనం ఎత్తుకుని గుమ్మం దాటుతోంది. చిన్న జల్లు పడుతోంది. కుండ మీద దీపం ఆరకుండా ఆమె కొడుకు గొడుగు పట్టుకుని పక్కనే నడుస్తున్నాడు. డప్పు చప్పుడుకి మా కిటికీ అద్దాలు అదురుతున్నాయి. గుడి నుంచి తిరిగొచ్చాక లక్ష్మక్క మా గుమ్మంలోకి వచ్చి, "చెయ్యి పట్టు బిడ్డా" అని పిల్ల అరచేతిలో బెల్లం అన్నం ముద్ద పెట్టింది. పిల్ల అక్కడే నిలబడి తిని, వేళ్లు నాకి, "పెద్దమ్మా, మళ్లీ ఆదివారం ఎటువైపు?" అని అడిగింది.